నల్ల జంటకు పసుపు పిల్ల: మాట అనేముందు వేసుకోవాల్సిన లెక్క

రెండు నల్ల లాబ్రడార్లకు క్రాసింగ్ చేయిస్తారు. 63 రోజులకు అటూ ఇటూగా 8 పిల్లలు పుడతాయి. 5 నల్లవి, ఒకటి చాక్లెట్, రెండు పసుపు. ఆ సాయంత్రానికే ఫోన్లు మొదలు. "మా ఆడకుక్క గడప దాటలేదండీ, మీ మగకుక్క పేపర్లలోనే ఏదో మతలబుంది" అని వీళ్లు. "మా దగ్గర ఒక్కసారే కలిసింది, మిగతా రోజుల్లో మీ వీధిలో ఏం జరిగిందో మాకేం తెలుసు" అని వాళ్లు. స్టడ్ ఫీజు, అంటే మగకుక్క యజమానికి కట్టిన డబ్బు, తిరిగిచ్చేయమనే దాకా, పసుపు పిల్లల్ని సగం ధరకు వదిలించుకునే దాకా పోతుంది. విజయవాడలోనూ గుంటూరులోనూ కుక్కలు పెంచేవాళ్ల మధ్య ఇది పాత తగువే. బాధేమిటంటే, ఆ పసుపు పిల్లలు ఎవరి తప్పుకూ సాక్ష్యం కాదు. రెండూ అసలు సిసలు లాబ్రడార్లయినా అలాంటి పిల్లలు పుట్టడానికి అడ్డేమీ లేదు.

పిల్ల రంగు నిజంగానే సాక్ష్యం చెప్పే సందర్భాలూ ఉన్నాయి. రెండు పసుపు లాబ్రడార్లకు ఒక్క నల్ల పిల్ల పుట్టినా మూడో కుక్క మధ్యలో వచ్చినట్టే. ఏ రంగు సాక్ష్యం, ఏ రంగు కాదు అన్నది తెలియకే స్నేహాలు చెడుతున్నాయి. అందుకే ఈ లెక్క మొత్తం ఒకచోట రాస్తున్నాను. కుక్కతో మొదలుపెట్టి పిల్లి, ఆవు, గొర్రె దాకా.

వెంట్రుకకు రంగు వేసే కణాల పేరు మెలనోసైట్లు. పిండం దశలో ఇవి వెన్ను వైపు నుంచి బయల్దేరి, రెండు పక్కలకూ దిగి, పొట్ట దాకా, కాలివేళ్ల దాకా వెళ్లి కుదుళ్లలో కూర్చుంటాయి. ఏ జంతువుకైనా కొద్దిపాటి తెల్ల మచ్చ ముందు ఎక్కడ వస్తుందో గమనించండి. రొమ్ము మీద, కాలివేళ్ల మీద, తోక కొసన, నుదుట. కణాలు ఆఖరున చేరే చోట్లు అవే. అక్కడి దాకా చేరలేకపోతే ఆ చోటు తెల్లగా మిగులుతుంది. చేరిన కణాలు తయారుచేసే రంగు పదార్థాలు రెండే రకాలు. నలుపు లేదా ముదురు గోధుమ రంగు ఇచ్చే యూమెలనిన్ ఒకటి. పసుపు నుంచి ఇటుక ఎరుపు దాకా ఇచ్చే ఫియోమెలనిన్ రెండోది. లోకంలోని కుక్కల, పిల్లుల, ఆవుల, గుర్రాల రంగులన్నీ ఈ రెండూ ఎంతెంత, ఎక్కడ, ఏ వయసులో అన్న దాన్ని బట్టి వచ్చేవే. మూడో రంగంటూ లేదు. తెలుపు రంగే కాదు, రంగు లేకపోవడం.

లాబ్రడార్‌లో రెండు జన్యువులు తెలిస్తే చాలు. మొదటిది స్విచ్ లాంటిది. శాస్త్రం దాన్ని ఎంసీ1ఆర్ అంటుంది, ల్యాబ్ రిపోర్టుల్లో "E లోకస్" అని ఉంటుంది (లోకస్ అంటే జన్యువు ఉండే చోటు). "నలుపు తయారుచెయ్యి" అన్న సంకేతాన్ని కణం అందుకునేది దీనితోనే. ప్రతి కుక్కకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలు ఉంటాయి. రెండింట్లో ఒక్కటి పనిచేసినా సంకేతం అందుతుంది, కుక్క ముదురు రంగులో ఉంటుంది. రెండూ చెడిపోయినవైతే కణానికి సంకేతం వినిపించదు, అది పసుపే తయారుచేస్తూ పోతుంది. రెండో జన్యువు ఆ ముదురు రంగు ఏదో తేల్చేది. పేరు టైర్ప్1, రిపోర్టులో "B లోకస్". నలుపు కాపీ ఒక్కటున్నా నలుపే. చాక్లెట్ కాపీలు రెండూ పడితేనే చాక్లెట్.

పదో తరగతి పుస్తకంలో బహిర్గతం, అంతర్గతం అని చదువుకున్నది ఇదే. నల్ల కుక్క లోపల పసుపు కాపీ ఒకటి, చాక్లెట్ కాపీ ఒకటి ఏ చప్పుడూ లేకుండా ఉండిపోవచ్చు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి మనవడికి నాలుగైదు తరాలు కనిపించకుండా రావచ్చు. అదే కాపీ ఉన్న మరో కుక్కతో కలిసిన రోజున బయటపడుతుంది. ఇలా రెండూ మోసే నల్ల కుక్కలు రెండు కలిస్తే, సగటున ప్రతి 16 పిల్లలకు 9 నల్లవి, 3 చాక్లెట్, 4 పసుపు. పైన చెప్పిన 8 పిల్లల ఈత ఈ లెక్కకు అతికినట్టు సరిపోయింది. ప్రతి ఈతా ఇంత చక్కగా అతకదు. 8కి 8 నల్లవే పుట్టొచ్చు, 4 పసుపు రావచ్చు. నిష్పత్తి అన్నది చాలా ఈతలు కలిపితే తేలే సంగతి. ఒక్క ఈతను చూసి లెక్క తప్పిందనకూడదు.

ఇంకో జంట గురించి చెబితే చాలామంది నమ్మరు. పసుపు కుక్కకూ చాక్లెట్ కుక్కకూ క్రాసింగ్ చేయిస్తే పిల్లలన్నీ నల్లగా పుట్టొచ్చు. అలాంటి జంటలో పసుపు కుక్క లోపల నలుపు కాపీలు రెండు ఉంటాయి, స్విచ్ చెడింది కాబట్టి కనిపించవు. చాక్లెట్ కుక్కలో స్విచ్ కాపీలు రెండూ బాగానే ఉంటాయి, నలుపు కాపీలే లేవు. పిల్లకు ఒకవైపు నుంచి స్విచ్, మరోవైపు నుంచి నలుపు అందాయి. అంతే. తల్లిదండ్రుల్లో లేని రంగు పిల్లలన్నింటికీ వచ్చిందని కంగారుపడాల్సిన పనిలేదు.

పసుపు కుక్క లోపల ఏముందో పరీక్ష లేకుండానే కొంత చెప్పొచ్చు. ముక్కు చూడండి. స్విచ్ చెడటం బొచ్చు మీదే పనిచేస్తుంది, ముక్కు చర్మం మీద కాదు. ముక్కు నల్లగా ఉంటే నలుపు కాపీ కనీసం ఒకటి ఉన్నట్టు. ముక్కు పుట్టినప్పటి నుంచీ కాలేయం రంగులో ఉంటే రెండూ చాక్లెట్ కాపీలే. కాకపోతే పసుపు లాబ్రడార్ నల్ల ముక్కు వయసుతోనో చలికాలంలోనో వెలిసి గులాబీ గోధుమలోకి తిరుగుతుంటుంది. అందుకే ముక్కు ఒక్కటే చూసి తేల్చకూడదు. కంటి రెప్పల అంచు, పెదవి అంచు వేలితో కాస్త విప్పి పగటి వెలుతురులో చూడాలి. అక్కడ నలుపు అంత తేలిగ్గా వెలవదు.

ఇప్పుడు సాక్ష్యం సంగతి. పసుపు, పసుపు కలిస్తే పసుపే. చాక్లెట్, చాక్లెట్ కలిస్తే చాక్లెట్, పసుపు రావచ్చు కానీ నలుపు రాదు. నలుపు, నలుపు కలిస్తే మూడూ రావచ్చు. సూత్రం ఇంతే: అణిగి ఉండే (అంతర్గత) రంగు ఒకటే ఉన్నవి రెండు జతకట్టినప్పుడు దాని మీద పైచేయి (బహిర్గత) రంగు పుట్టదు. పుడితే తండ్రి వేరు. పైచేయి రంగులు రెండు జతకట్టి అణిగిన రంగు పుడితే అనుమానించడానికి ఏమీ లేదు. మూడో కుక్క చేరడం మాత్రం కుక్కల్లో నిజంగా జరిగేదే. ఒకే ఎదలో రెండు మగకుక్కలతో కలిస్తే ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుడతాయి. మగకుక్క బీజం లోపల అయిదారు రోజులు బతికి ఉండగలదు. కాబట్టి క్రాసింగ్ అయిపోయింది కదా అని గేటు తీసి ఉంచకూడదు. ఎద మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి 3 వారాలు, రక్తస్రావం ఆగి, మగకుక్కను దగ్గరికి రానివ్వడం మానేసేంతవరకూ కట్టడి ఉండాలి. ఇక "మొదటిసారి వీధి కుక్కతో కలిసింది కాబట్టి ఇక జన్మంతా పిల్లలు చెడిపోతాయి" అన్న మాటకు ఏ ఆధారమూ లేదు. ఒక ఈత తండ్రి ప్రభావం తరవాతి ఈత మీద ఉండదు.

మీ నల్ల మగకుక్క పసుపు కాపీ మోస్తోందా అని తేల్చుకోవాలంటే పాత పద్ధతి పసుపు ఆడకుక్కతో కలపడం. ఒక్క పసుపు పిల్ల పుట్టినా మోస్తోందని తేలిపోయినట్టే. అన్నీ నల్లవే పుడితే? మోస్తున్న కుక్కకు వరసగా 5 పిల్లలూ నల్లవే పుట్టే అవకాశం 32లో ఒకటి. 7 పుడితే 128లో ఒకటి. అంటే 7 నల్ల పిల్లలు చూశాక దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు. పసుపు ఆడకుక్క దొరక్క, మోస్తోందని తెలిసిన నల్ల ఆడకుక్కతో కలిపితే అంత నమ్మకం రావడానికి 17 పిల్లల దాకా కావాలి. ఇవాళ ఇంత కష్టం అక్కర్లేదు, చెంప లోపలి స్వాబ్‌తో తేలిపోతుంది. ఆ సంగతి చివర్లో.

తెలుపుల్లో తేడా

రంగులన్నింటిలోకీ మనవాళ్లు ఎక్కువ ఇష్టపడేది తెలుపు. ఎక్కువ పొరపాట్లు జరిగేదీ అక్కడే. తెలుపు అంతా ఒకటి కాదు.

తెల్ల జర్మన్ షెపర్డ్, సమోయెడ్ లాంటివి నిజానికి పసుపు లాబ్రడార్ దారిలోనివే. స్విచ్ చెడింది, పసుపు కూడా బాగా పలచబడి తెల్లగా కనిపిస్తుంది. కణాలన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ముక్కు నలుపు, కనురెప్పల అంచు నలుపు. ఈ తెలుపుతో చెవికి ఏ ముప్పూ లేదు. నలుపు, టాన్ కలిసిన జర్మన్ షెపర్డ్ జంటకు తెల్లపిల్ల పుట్టినా అది ఈ రకమే, క్రాస్ కాదు.

రెండో రకం తెలుపు, కణాలే చేరకపోవడం. మచ్చల కుక్కల్లో ఆ మచ్చలు పెరిగి పెరిగి ఒళ్లంతా పరుచుకోవడం, మెర్ల్ అనే చెదురు మచ్చల రంగు కాపీలు రెండు పడటం, పిల్లుల్లో పైచేయి తెలుపు, ఇవన్నీ ఈ కోవలోవి. ఇక్కడ చెవుడు ఎందుకొస్తుందంటే, లోపలి చెవిలో కూడా ఇవే కణాలు ఉండాలి. శబ్దాన్ని పట్టే రోమ కణాల చుట్టూ ఉన్న ద్రవంలో లవణాల తూకం నిలబెట్టే పొరకు మెలనోసైట్లు అవసరం. అవి లేకపోతే పుట్టిన కొన్ని వారాల్లోనే ఆ పొర క్షీణించి రోమ కణాలు చచ్చిపోతాయి. ముక్కు గులాబీ రంగులో, కళ్లు నీలంగా, చెవుల మీద ఒక్క రంగు వెంట్రుకైనా లేకుండా ఉన్న తెల్లపిల్లను కొనేముందు వినికిడి చూసుకోవాలి. అయిదారు వారాలు నిండాక, పిల్ల గాఢంగా నిద్రపోతున్నప్పుడు వెనక నుంచి తాళాలు గలగలమనిపించండి. నేల అదరకూడదు, గాలి తగలకూడదు. ఆ రెండూ తగిలితే చెవిటిదీ లేస్తుంది. మిగతా పిల్లల మధ్య పెట్టి చూడటం పనికిరాదు, పక్కది లేస్తే ఇదీ లేస్తుంది. ఒక చెవే చెవుడైతే ఇంట్లో చేసే ఏ పరీక్షకూ దొరకదు. దానికి బేర్ అనే యంత్ర పరీక్ష ఒక్కటే దారి.

మూడో రకం, కణాలుండి కూడా రంగు తయారుచేయలేకపోవడం. టైరోసినేజ్ అనే ఎంజైమ్ చెడితే ఇలా అవుతుంది. అప్పుడప్పుడూ మంద మొత్తం నల్లగా ఉండగా గులాబీ చర్మంతో తెల్ల గేదెదూడ పుడుతుందే, అది ఈ రకం. వినికిడి బాగానే ఉంటుంది, ఎండే శత్రువు. మే నెల కృష్ణా, గుంటూరు ఎండలకు ఆ చర్మం కమిలి పుళ్లు పడుతుంది, కళ్లు వెలుతురు ఓర్చుకోలేవు. ఉదయం 9 దాటాక నీడ పట్టునే ఉంచాలి. ఆ దూడ తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ చెడిన కాపీ మోస్తున్నవాళ్లే. అదే దున్నతో అదే గేదెను మళ్లీ కట్టిస్తే నాలుగింట ఒక వంతు అవకాశంతో మళ్లీ అలాంటిదే పుడుతుంది.

ఈ మూడింటి పక్కన మన ఒంగోలు జాతిని నిలబెట్టి చూడండి. గుంటూరు దగ్గర లాం పశుపరిశోధన కేంద్రానికి వెళ్లినవాళ్లు దగ్గరగా చూసే ఉంటారు. వెంట్రుక తెలుపు. దాన్ని వేళ్లతో పాయ తీస్తే కింద చర్మం నల్లగా ఉంటుంది. మూతి నలుపు, కంటి చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు, గిట్టలు నలుపు, తోక కుచ్చు నలుపు. తెల్ల వెంట్రుక ఎండను తిప్పికొడుతుంది, తప్పించుకుని లోపలికి దిగిన అతినీలలోహిత కిరణాలను నల్ల చర్మం ఆపుతుంది. ఇంత చక్కని ఏర్పాటు ఇంకే తెల్లటి పశువులోనూ నాకు కనబడదు. ఆబోతుకు వయసొచ్చేకొద్దీ తల, మెడ, మూపురం బూడిద నలుపు తిరుగుతాయి, మగ హార్మోన్ పని అది. కోడెను కొట్టించాక ఆ నలుపు తగ్గుతుంది. ఎర్రగా పుట్టిన ఒంగోలు దూడను చూసి సంకరమని బెంగపడకండి, నెలలు గడిచేకొద్దీ తెల్లబడుతుంది.

మెర్ల్ గురించి గట్టిగా చెప్పాల్సి ఉంది. బూడిద మీద నల్ల చెదురు మచ్చలు, ఒక్కోసారి ఒక కన్ను నీలం. గ్రేట్ డేన్, డాక్స్‌హండ్ నుంచి ఈ మధ్య పామరేనియన్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ దాకా పాకింది. అరుదైన రంగని ధర రెట్టింపు చెబుతున్నారు. ఒక కాపీ ఉంటే అందం, రెండు పడితే అవిటితనం. మెర్ల్‌కు మెర్ల్ కడితే నాలుగింట ఒక పిల్లకు రెండు కాపీలూ పడతాయి. అది దాదాపు తెల్లగా పుడుతుంది, చెవుడు, చిన్న కళ్లు, గుడ్డితనం ఏదైనా రావచ్చు. ఇద్దరు మెర్ల్‌లను జత కట్టడం ఏ పరిస్థితిలోనూ చేయకూడని పని. దాచిన ప్రమాదం ఇంకొకటి. మెర్ల్ నలుపు మీదే పనిచేస్తుంది, పసుపు మీద కాదు. కాబట్టి ఒళ్లంతా పసుపు లేదా క్రీమ్ ఉన్న పామరేనియన్ లోపల మెర్ల్ ఉన్నా బయటికి కనపడదు. దాన్ని మామూలు కుక్క అనుకుని మెర్ల్‌తో కడతారు. ఆ జాతుల్లో క్రీమ్ కుక్కను మెర్ల్‌తో కట్టేముందు పరీక్ష చేయించి తీరాలి. గ్రేట్ డేన్‌లలో తెలుపు మీద నల్ల మచ్చలుండే హార్లెక్విన్ రంగులో ఇంకో మెలిక ఉంది. ఆ రంగుకు మెర్ల్‌తో పాటు ఇంకో జన్యువు కావాలి, దాని కాపీలు రెండు పడితే పిండం కడుపులోనే పోతుంది. హార్లెక్విన్ జంటకు పిల్లలు తక్కువ పుట్టడానికి ఒక కారణం ఇదే.

"బ్లూ", "సిల్వర్" అని అమ్మేవి కూడా కొత్త రంగులు కావు. నలుపునో చాక్లెట్‌నో పలచబరిచే కాపీలు రెండు పడినవి. అలాంటి కుక్కల్లో కొన్నింటికి ఆరు నెలలు దాటాక వీపు మీద బొచ్చు పలచబడి రాలిపోవడం మొదలవుతుంది. వెంట్రుక లోపల రంగు ముద్దలు కట్టి అక్కడే విరగడం దానికి కారణం. మందులతో పూర్తిగా నయం కాదు. ఎక్కువ డబ్బు పోసి కొనేముందు తల్లిదండ్రుల వీపులు తడిమి చూడండి.

"డబుల్ కోట్" బేరం

కుక్కల బొచ్చు రకం మూడు జన్యువుల మీద నడుస్తుందని 2009లో తేలింది. పొడవుకు ఎఫ్‌జీఎఫ్5, ఉంగరాలకు కేఆర్‌టీ71, మీసం గడ్డాలకు ఆర్‌ఎస్‌పీఓ2. ఈ మూడింటి కలయికలతోనే పొట్టి బొచ్చు నుంచి పూడిల్ ఉంగరాల దాకా ఎక్కువ జాతుల బొచ్చు వివరించొచ్చు.

పొడవు బొచ్చు అణిగి ఉండే లక్షణం. అందుకే పొట్టి బొచ్చు జర్మన్ షెపర్డ్ జంటకు జూలు పిల్లలు పుడతాయి. మన దగ్గర వీటినే "డబుల్ కోట్" అని పిలిచి ఎక్కువ ధర చెబుతారు, పొట్టివాటిని "సింగిల్ కోట్" అంటారు. ఈ మాట తప్పు. పొట్టి బొచ్చు షెపర్డ్‌కు కూడా పైబొచ్చు కింద మెత్తటి లోబొచ్చు ఉంటుంది, వీపు మీద వెంట్రుకలు ఎదురు దువ్వి చూస్తే కనిపిస్తుంది. లాబ్రడార్‌కూ ఉంటుంది. తేడా పైబొచ్చు పొడవులోనే. బెజవాడ ఎండలో ఆ పొడవుకు అదనంగా డబ్బు కట్టి, దాన్ని చల్లగా ఉంచడానికి మళ్లీ కరెంటు బిల్లు కట్టడం నాకు మంచి బేరంలా అనిపించదు. ఇష్టపడి తీసుకుంటే వేరే సంగతి. ఒక్కటి గుర్తుంచుకోండి: జూలుకు జూలు కడితే అన్నీ జూలువే పుడతాయి, పొట్టి బొచ్చు పిల్ల ఒక్కటి వచ్చినా అడగాలి.

మీసం గడ్డాలు దీనికి తలకిందులు, ఒక్క కాపీ చాలు. లాసాకూ పామ్‌కూ పుట్టిన పిల్లలకు మొహం మీద గడ్డం రావడం అందుకే. బొచ్చు పొడవు మాత్రం రెండువైపులా పొడవే కాబట్టి తప్పకుండా పొడవే.

పిల్లుల్లో కొడుకు రంగు తల్లిది

పిల్లుల్లో నారింజ రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లికి ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి నుంచే. కాబట్టి నారింజ మగపిల్లిని నల్ల ఆడపిల్లికి కడితే కొడుకులు నల్లవి, కూతుళ్లు నలుపు నారింజ కలిసినవి. తిరగేసి నల్ల మగపిల్లి, నారింజ ఆడపిల్లి అయితే కొడుకులు నారింజ, కూతుళ్లు మళ్లీ కలిసినవే. కొడుకు రంగుతో తండ్రిని అనుమానించే ప్రశ్నే లేదు.

కూతుళ్లలో రెండు రంగులు ముక్కముక్కలుగా ఎందుకు కనిపిస్తాయంటే, ఆడజీవి ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటి మూతపడుతుంది. బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త మేరీ లయన్ 1961లో చెప్పింది ఇదే. పిండంలో ఒక కణంలో నారింజ ఎక్స్ మూతపడితే దాని సంతతి కణాలన్నీ నలుపు వేస్తాయి, పక్క కణంలో నలుపుది మూతపడితే నారింజ. పిల్లి ఒంటి మీద ఆ చరిత్ర అంతా మచ్చలుగా కనబడుతుంది. మగపిల్లుల్లో ఇలాంటిది కనిపిస్తే సాధారణంగా దానికి ఎక్స్ ఒకటి ఎక్కువ ఉన్నట్టు, చాలావరకు గొడ్డుదే అవుతుంది. అదృష్టమని లక్షలు చెప్పే వాళ్లను నమ్మి బ్రీడింగ్‌కు కొనకండి. ఈ నారింజ జన్యువు అచ్చంగా ఏదో 2025 దాకా తేలలేదు. ఏఆర్‌హెచ్‌జీఏపీ36 అనే జన్యువు దగ్గర సుమారు 5,000 అక్షరాల డీఎన్‌ఏ ముక్క ఊడిపోవడమే కారణమని జపాన్, అమెరికా బృందాలు వేర్వేరుగా చూపించాయి.

సయామీ పిల్లిది ఇంకో రకం వింత. దాని టైరోసినేజ్ ఒంటి వేడికి పనిచేయదు, చల్లటి చోటే పనిచేస్తుంది. అందుకే చెవులు, ముక్కు, పాదాలు, తోక ముదురు, మిగతా ఒళ్లు లేత. కడుపులో వెచ్చగా ఉంటుంది కాబట్టి పిల్లలు తెల్లగా పుడతాయి, కొన్ని రోజులకు చెవి అంచులు మసిబారడం మొదలవుతుంది. ఆపరేషన్ కోసం పక్కటెముకల దగ్గర గొరిగితే, చల్లబడిన చర్మం మీద కొత్త వెంట్రుక ముదురుగా మొలుస్తుంది. డాక్టర్ ఏదో చేశాడని గాభరా వద్దు, తరవాతి బొచ్చు మార్పుకు మళ్లీ లేతగా వస్తుంది.

పాడిలో, మందలో

ఒంగోలు ఆవుకు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టెయిన్ ఫ్రీజియన్) ఎద సూది వేయిస్తే దూడ నల్లగా పుడుతుంది. "ఫోటోలో మచ్చలున్నాయి, మాకు వేరే సూది వేశారు" అని ఊళ్లో సూది వేసే గోపాలమిత్ర మీద పడతారు. తప్పు ఆయనది కాదు. హోల్‌స్టెయిన్ నలుపుది పైచేయి, అందుకే దూడ నలుపు. హోల్‌స్టెయిన్ తెల్ల మచ్చలు అణిగే లక్షణం, అందుకే మొదటి తరంలో పొట్ట కింద, పొదుగు దగ్గర, నుదుట చుక్కలా కాస్త తెలుపు తప్ప పెద్ద మచ్చలు రావు. ఆ పెయ్యకు మళ్లీ హెచ్‌ఎఫ్ వేయిస్తే పుట్టేవాటిలో సగం మచ్చలతో పుడతాయి. మచ్చలెక్కువ ఉంటే పాలెక్కువ అన్న సంతల మాటకు ఆధారం లేదు. మచ్చల జన్యువులు వేరు, పాల జన్యువులు వేరు. కొనేటప్పుడు ఒంటి రంగు కాదు, పొదుగు, పాలనరాలు, తల్లి ఇచ్చిన పాలు చూడండి. ఎండ తట్టుకునే బొచ్చు కోసం కరీబియన్‌లోని సెనెపోల్ జాతిలో ఉన్న నున్నటి పొట్టి వెంట్రుక లక్షణం ఇప్పుడు హోల్‌స్టెయిన్‌లలోకి తెస్తున్నారు. అది పైచేయి లక్షణం కాబట్టి ఒక్క కాపీ చాలు. మనలాంటి ఊళ్లకు నిజంగా పనికొచ్చే మార్పు అని నా నమ్మకం.

గొర్రెల్లో మనవాళ్లు రంగును బట్టే పేర్లు పెట్టారు. నెల్లూరు జాతిలో తెల్లది పల్ల, తెలుపు మీద మూతి, కళ్ల చుట్టూ నలుపున్నది జోడిపి, గోధుమ ఎరుపుది దొర. లోకంలోని చాలా గొర్రె జాతుల్లో తెలుపుదే పైచేయి, నలుపు అణిగి ఉంటుంది. తెల్ల మందలో నల్లపిల్ల పుట్టగానే దాన్ని సంతకు తోలేస్తే సమస్య తీరిందనుకుంటారు. లెక్క వేయండి. 100 పిల్లల్లో ఒకటి నల్లగా పుడుతుందంటే, ఆ మందలో సుమారు 18 తెల్లగానే ఉండి నలుపు కాపీ మోస్తున్నాయి. నల్లపిల్లను తీసేస్తే పోయేది రెండు కాపీలే. ఫలితం కావాలంటే దాన్ని కన్న పొట్టేలును మార్చాలి, ఎందుకంటే అది మోస్తోందని రుజువైంది, ఏటా పదుల పిల్లలకు సగం సగం పంచుతోంది. తల్లిగొర్రె చెవికి గుర్తు పెట్టి, దాని ఆడపిల్లల్ని మందలో ఉంచుకోకపోతే చాలు.

వంశంతో సంబంధం లేని రంగు మార్పులూ ఉన్నాయి, వాటిని కలగలపకండి. నిగనిగలాడే ముర్రా గేదె తుప్పు రంగులోకి తిరిగి, కళ్ల చుట్టూ కళ్లజోడు పెట్టినట్టు పాలిపోతే అది రాగి లోపానికి గుర్తు కావచ్చు. టైరోసినేజ్ పనిచేయాలంటే రాగి కావాలి. డాక్టర్‌కు చూపించి ఖనిజ లవణ మిశ్రమం మొదలుపెట్టండి. అదే మిశ్రమాన్ని గొర్రెలకు పెట్టకండి, వాటికి రాగి తేలిగ్గా విషమవుతుంది, కాలేయం దెబ్బతిని చనిపోతాయి. గొర్రెలకు విడిగా తయారైనదే వాడాలి. నల్ల కుక్క ఎర్రబడితే ఎండ ఒక కారణం, పెరుగన్నంతోనే సరిపెట్టడం ఇంకో కారణం. నలుపు తయారవ్వడానికి టైరోసిన్ కావాలి, అది మాంసకృత్తుల నుంచే రావాలి. తిండి మారిస్తే కొత్త బొచ్చు నల్లగా వస్తుంది.

పరీక్షకు పంపేవాళ్లకు పద్ధతి ఇది. పిల్ల తల్లిపాలు తాగాక, లేదా ఏదైనా తిన్నాక గంటసేపు ఆగండి. తల్లిపాలతో పాటు తల్లి కణాలూ నోట్లో ఉంటాయి, రిపోర్టు తప్పొస్తుంది. పాలు తాగే పిల్లల్ని ఆ గంటా తల్లి నుంచి వేరుగా ఉంచాలి. స్వాబ్‌ను చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి 15 సెకన్లు గట్టిగా తిప్పాలి, పైపైన లాలాజలం అద్దితే చాలదు. ఒక్కో జంతువుకు రెండు స్వాబ్‌లు, ఒకదాని తరవాత ఒకటి, మధ్యలో చేతులు కడుక్కుని. ఫ్యాన్ కింద పూర్తిగా ఆరాక కాగితం కవర్లోనే పెట్టాలి. తడిగా ప్లాస్టిక్ కవర్లో పెడితే మన ఉక్కకు రెండు రోజుల్లో బూజు పట్టి డీఎన్‌ఏ పాడవుతుంది. కవరు మీద పేరు ముందే రాసి ఉంచండి, తరవాత రాద్దామనుకుంటే నల్లపిల్లలు అయిదూ ఒకేలా ఉంటాయి. ఈత నమోదులో పుట్టిన రోజే ప్రతి పిల్లకూ లింగం, బొచ్చు రంగు, ముక్కు రంగు, తెల్ల మచ్చల చోటు రాసి, పగటి వెలుతురులో ఫోటో తీయండి. చచ్చి పుట్టినవాటినీ లెక్కలో చేర్చాలి. వాటిని వదిలేస్తే పై నిష్పత్తులేవీ సరిపోవు.